వాల్వ్ లీక్: తలుపు చెడిందా, గుమ్మం సాగిందా?

టూడీ ఎకో రిపోర్టు చేతికి రాగానే చాలామంది చూపు చివరి నాలుగు వరుసల మీదికి పోతుంది. అక్కడ 'ట్రివియల్ టి.ఆర్., మైల్డ్ ఎం.ఆర్.' అని ఉంటుంది. 'టి', 'ఎం' అనేవి ట్రైకస్పిడ్, మైట్రల్ అనే రెండు వాల్వ్‌ల పేర్లకు పొట్టి రూపాలు. 'ఆర్' అంటే రిగర్జిటేషన్ అని, అంటే లీక్ అని ఎవరో చెబుతారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. తెల్లారేసరికి 'గుండెకు రంధ్రం పడిందట' అని చుట్టాలందరికీ తెలిసిపోతుంది. రెండో ఆసుపత్రిలో మళ్లీ ఎకో, మూడో ఆసుపత్రిలో ఇంకొకటి. ఇది ఒక పక్క. ఇంకో పక్క నిజంగానే పెద్ద లీక్ ఉన్న మనిషి, రిపోర్టులో 'ఈ.ఎఫ్. 65 శాతం' (గుండె కింది గది తనలోని రక్తంలో ఒక్కో కొట్టుకు బయటికి నెట్టే వంతు) అన్న అంకె చూసి గుండె భేషుగ్గా ఉందనుకుని రెండు మూడేళ్లు డాక్టర్ గడప తొక్కడు.

ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒకటే. లీక్‌ను జబ్బు పేరు అనుకుంటున్నాం. జ్వరం లాగే అది ఒక లక్షణం. జ్వరం వస్తే మలేరియానా, టైఫాయిడా, ఉత్త జలుబా అని వెతుకుతాం కదా, లీక్ విషయంలోనూ అదే చేయాలి. 'ఎంత లీక్?' అని అందరూ అడుగుతారు. 'ఎందుకు లీక్?' అని అడిగేవారు తక్కువ. రెండో ప్రశ్నకు జవాబు దొరికితేనే దాన్ని వదిలేయాలో, మందులతో చూసుకోవాలో, ఆపరేషన్‌కు వెళ్లాలో తేలుతుంది.

రంధ్రం సంగతి ఇక్కడే తేల్చేద్దాం. రంధ్రం ఉండేది గదుల మధ్య గోడలో, అదీ ఎక్కువగా పుట్టుకతోనే. లీక్ తలుపు దగ్గర జరిగేది. రెండూ వేరు.

నాలుగు తలుపులు

పాఠ్యపుస్తకాల్లో వాల్వ్‌ను కవాటం అంటారు. కవాటం అంటే తలుపు అనే అర్థం. పేరు సరిగ్గా కుదిరింది. గుండెలో ఇలాంటివి నాలుగు. ఎడమ పై గదికీ కింది గదికీ మధ్య ఉండేది మైట్రల్. ఎడమ కింది గది నుంచి ఒళ్లంతటికీ రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని మొదట్లో ఉండేది అయోర్టిక్. కుడి పక్క రెండు గదుల మధ్య ట్రైకస్పిడ్, కుడి కింది గది నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే దారిలో పల్మనరీ. మైట్రల్‌కు రెండు రెక్కలు, మిగతా మూడింటికీ మూడేసి రెక్కలు. నిమిషానికి 70 సార్లు లెక్కన రోజుకు సుమారు లక్షసార్లు ఈ రెక్కలు తెరుచుకుని మూసుకుంటాయి. రక్తం ముందుకు పోయాక మళ్లీ వెనక్కి రాకుండా చూడడమే వాటి పని.

మైట్రల్ తలుపు కట్టుబడి కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే అసలు కథంతా అక్కడే ఉంది. రెండు రెక్కలు, వాటి చుట్టూ గుమ్మం లాంటి వలయం, రెక్కల అంచుల నుంచి కిందికి దిగే తెల్లటి సన్నని తంతువులు, ఆ తంతువులను పట్టుకుని ఉండే రెండు కండరపు మొలకలు, ఆ మొలకలు పుట్టుకొచ్చిన కింది గది గోడ. గది ముడుచుకున్నప్పుడు లోపలి ఒత్తిడి 120 దాకా పోతుంది. అంత ఒత్తిడికి రెక్కలు పై గదిలోకి తిరగబడకుండా తంతువులు బిగించి పట్టుకుంటాయి. ఈ ఐదింటిలో ఏ ఒక్కటి చెడినా లీక్ మొదలవుతుంది.

వానాకాలంలో చెక్క తలుపు గుమ్మంలో సరిగా కూర్చోకపోవడం అందరూ చూసిందే. తప్పు ఒక్కోసారి చెక్కది, ఒక్కోసారి గుమ్మానిది. గుండెలోనూ అంతే. రెక్కలో, తంతువులో లోపం ఉంటే డాక్టర్లు దాన్ని ప్రైమరీ లీక్ అంటారు. రెక్కలు శుభ్రంగా ఉండి, గది ఉబ్బడం వల్ల గుమ్మం సాగి రెక్కలు ఒకదానికొకటి అందకుండా పోతే అది సెకండరీ, లేదా ఫంక్షనల్ లీక్. మొదటిదాంట్లో తలుపుకు వైద్యం చేయాలి. రెండోదాంట్లో ముందు గదికి చేయాలి. రిపోర్టులో ఈ రెండింటిలో ఏదో రాసి లేకపోతే డాక్టర్‌ను అడిగి తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే.

గొంతులో మొదలై గుండెకు చేరే జబ్బు

మన దేశంలో పిల్లల్లో, పాతికా ముప్పై ఏళ్లవారిలో మైట్రల్ రెక్కలు చెడి లీకైతే, ముందుగా అనుమానించాల్సింది రుమాటిక్ జ్వరాన్ని. ధనిక దేశాల్లో ఇది దాదాపు కనుమరుగైంది. మన దగ్గర ఇంకా పోలేదు. ఇరుకు ఇళ్లు, ఒకే గదిలో నలుగురైదుగురు పిల్లలు, గొంతు నొప్పికి సరైన వైద్యం అందకపోవడం దీనికి ఊపిరి పోస్తున్నాయి. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ దీని మీద ప్రత్యేకంగా తీర్మానం చేసిందంటే ఎంతమంది ప్రాణాల మీదికి వస్తోందో ఊహించుకోవచ్చు.

జరిగేది ఇది. 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు గ్రూప్ 'ఎ' స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియాతో గొంతు నొప్పి వస్తుంది. నాలుగైదు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. రెండు మూడు వారాల తర్వాత జ్వరం, కీళ్ల నొప్పులు. ఆ బాక్టీరియా మీద దాడి చేయడానికి ఒళ్లు తయారుచేసుకున్న రక్షణ దళం, దాన్ని పోలిన పదార్థం గుండె రెక్కల్లోనూ ఉండడంతో అటు తిరుగుతుంది. కీళ్ల నొప్పికి ఒక గుర్తు ఉంది. అది ఒకచోట నిలవదు. ఇవాళ మోకాలు వాచి ముట్టుకోనివ్వదు, ఎల్లుండికి అది తగ్గి చీలమండ పట్టుకుంటుంది, తర్వాత మోచేయి. ఆస్పిరిన్ ఇస్తే ఒకటి రెండు రోజుల్లో తీసేసినట్టు పోతుంది. కీళ్లలో ఆనవాలు కూడా మిగలదు. 'ఇది కీళ్లను నాకుతుంది, గుండెను కొరుకుతుంది' అని డాక్టర్లలో పాత మాట.

కొందరు పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, ఇంకో రూపం ఉంటుంది. చేతులు వాటంతటవే మెలికలు తిరుగుతాయి, గ్లాసు జారిపోతుంది, ముఖంలో వికారపు కదలికలు వస్తాయి, నిన్నటి దాకా ముత్యాల్లా ఉన్న చేతిరాత కోడిగీతలవుతుంది. అల్లరి చేస్తోందని బడిలో దెబ్బలు, గాలి సోకిందని ఇంట్లో తాయెత్తులు. దీన్ని వైద్యంలో 'కొరియా' అంటారు. ఇలాంటి పిల్లకు ఎకో తీయకుండా వదలకూడదు.

మొదటి దాడిలో రెక్కలు వాస్తాయి, గుమ్మం సాగుతుంది, తంతువులు పొడవవుతాయి. కనుక చిన్న వయసులో లీక్ ఎక్కువ. దాడి మళ్లీ మళ్లీ జరిగితే రెక్కలు మందమై, అంచులు అతుక్కుని, తలుపు పూర్తిగా తెరుచుకోదు, పూర్తిగా మూసుకోదు. ఎకోలో 'ఎం.ఎస్. విత్ ఎం.ఆర్.' (మైట్రల్ ఇరుకు, దాంతోపాటు లీక్) అని రాసేది దీన్నే. ప్రతి దాడీ పాత గాయం మీద కొత్త గాయం. అందుకే ఈ జబ్బులో అసలు వైద్యం తర్వాతి దాడి జరగకుండా ఆపడం.

దానికి మందు దశాబ్దాల నాటిది, చవకైనది: బెంజథిన్ పెనిసిలిన్ ఇంజెక్షన్, మన దగ్గర చాలామంది పెనిడ్యూర్ అని పిలిచేది. పెద్దవారికి 12 లక్షల యూనిట్లు, సుమారు 27 కిలోల లోపు పిల్లలకు 6 లక్షలు, 21 రోజులకు ఒకసారి. చిన్న సీసాలో తెల్లటి పొడి ఉంటుంది. స్టెరైల్ నీళ్లు కలిపితే కరిగిపోదు, పాల లాంటి చిక్కటి ద్రవమవుతుంది. అందుకే సన్న సూదిలో ఇరుక్కుంటుంది. లావు సూది తీసుకుని, కలిపిన వెంటనే, పిరుదు కండరంలోకి లోతుగా, నెమ్మదిగా ఎక్కించాలి. సీసాను రెండు అరచేతుల మధ్య కాసేపు దొర్లించి గది వేడికి తెస్తే నొప్పి తగ్గుతుంది. ఇంజెక్షన్ అయ్యాక అరగంట అక్కడే కూర్చోబెట్టాలి. రియాక్షన్ వస్తే వాడే ఎడ్రినలిన్ గదిలో సిద్ధంగా ఉన్నచోటే చేయించుకోవాలి. వాల్వ్ జబ్బు బాగా ముదిరి, ఆయాసంతో ఉన్నవారికి ఈ ఇంజెక్షన్ నొప్పి, భయం వల్లే ఒక్కోసారి బి.పి. పడిపోయి ప్రమాదం జరుగుతుంది. అలాంటివారికి రోజుకు రెండుసార్లు వేసుకునే పెనిసిలిన్ మాత్రల గురించి డాక్టర్ ఆలోచిస్తారు.

ఎన్నాళ్లు? గుండెకు సోకకపోతే 5 ఏళ్లు లేదా 21 ఏళ్ల వయసు దాకా, ఏది ఎక్కువైతే అది. గుండెకు సోకి పూర్తిగా నయమైతే 10 ఏళ్లు లేదా 21 ఏళ్ల దాకా. రెక్కలు చెడి మిగిలిపోతే 10 ఏళ్లు లేదా 40 ఏళ్ల వయసు దాకా, కొందరికి జీవితాంతం. ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. ఒంట్లో బాగానే ఉంటే ప్రతి మూడు వారాలకూ నొప్పి పుట్టించే సూది ఎందుకనిపిస్తుంది. హాస్టల్లో చేరాక, పని కోసం ఊరు మారాక, పెళ్లి సంబంధాలు చూడడం మొదలయ్యాక ఆగిపోతుంది. ఆగిన ఆర్నెల్లలోనో ఏడాదిలోనో మళ్లీ గొంతు నొప్పి వస్తే రెక్కలు ఇంకో మెట్టు దిగజారవచ్చు. ఉగాండాలో ఎకోలో మాత్రమే కనబడే తొలిదశ జబ్బు ఉన్న 818 మంది పిల్లల మీద రెండేళ్లు చేసిన అధ్యయనంలో, ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 0.8 శాతానికి, తీసుకోనివారిలో 8.2 శాతానికి జబ్బు ముదిరింది. పదింతల తేడా.

దీనికి తిరగబడ్డ పొరపాటు కూడా ఉంది. ఒళ్లు నొప్పులని రక్తపరీక్ష చేయిస్తే 'ఎ.ఎస్.ఓ.' ఎక్కువ వచ్చిందని, ఆ ఒక్క కాగితం మీదే పిల్లలకు ఏళ్ల తరబడి పెనిసిలిన్ పొడుస్తున్నారు. ఈ మధ్య ఆ బాక్టీరియా ఒంట్లోకి వచ్చి వెళ్లిందని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది. జ్వరం, కీళ్లు, ఎకో, ఇవన్నీ కలిపి చూడకుండా రుమాటిక్ జ్వరం అని ముద్ర వేయడం తప్పు.

ఇక అన్నిటికన్నా ముందు మెట్టు గొంతు నొప్పే. ముక్కు కారుతూ, దగ్గుతో ఉంటే అది ఎక్కువగా వైరస్. దగ్గు, జలుబు లేకుండా ఉన్నట్టుండి జ్వరం, మింగలేనంత నొప్పి, టాన్సిల్స్ మీద తెల్లటి చీము మచ్చలు, మెడ ముందు గడ్డలు ఉంటే స్ట్రెప్టోకాకస్‌ను అనుమానించాలి. మొదలైన 9 రోజుల్లోపు సరైన యాంటీబయాటిక్ పడితే రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చు. పెనిసిలిన్ లేదా అమాక్సిసిలిన్ అయితే 10 రోజులూ వాడాలి. మూడో రోజుకు పిల్లాడు ఆడుకుంటున్నాడని ఆపేస్తే బాక్టీరియా గొంతులోనే ఉండిపోతుంది.

గొడుగు తిరగబడినట్టు

రెండో పెద్ద కారణం మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్. నూటికి ఇద్దరు ముగ్గురిలో ఇది ఉంటుంది. రెక్క కణజాలం మెత్తబడి, సాగి, ఎదురుగాలికి గొడుగు వెనక్కి మళ్లినట్టు పై గదిలోకి ఉబ్బుతుంది. ఎక్కువమందికి జీవితమంతా ఏమీ కాదు. కొందరిలో మాత్రం సాగిన తంతువు ఒకరోజు తెగుతుంది. అప్పటిదాకా మెల్లగా ఉన్న లీక్ ఒక్కసారిగా వరదవుతుంది. మనిషి పడుకోలేడు, కూర్చుని ఎగశ్వాస పీలుస్తాడు, నురగలాంటి కళ్లె పడుతుంది.

ఉన్నట్టుండి వచ్చే లీక్‌కూ, ఏళ్ల తరబడి పెరిగే లీక్‌కూ ఇక్కడ తేడా తెలియాలి. మెల్లగా పెరిగితే పై గది సాగి ఆ అదనపు రక్తాన్ని తనలో దాచుకుంటుంది. మనిషికి ఏమీ తెలియదు. ఒక్కసారిగా వస్తే గది సాగడానికి వ్యవధి లేదు. ఒత్తిడంతా వెనక్కి, ఊపిరితిత్తుల్లోకి తన్నుతుంది. స్టెతస్కోప్‌లో చప్పుడు పెద్దగా వినబడకపోవచ్చు కూడా. కాబట్టి 'పెద్ద మర్మర్ లేదు, లీక్ కాదు' అనుకోవడానికి లేదు.

ఇలా హఠాత్తుగా లీక్ రావడానికి మరో రెండు దారులున్నాయి. ఒకటి గుండెపోటు. మైట్రల్ తంతువులను పట్టుకున్న రెండు కండరపు మొలకల్లో వెనక లోపలి వైపుది సాధారణంగా ఒకే ధమని మీద బతుకుతుంది. రెండోదానికి రెండు వైపుల నుంచి రక్తం అందుతుంది. అందుకే గుండె కింది గోడకు గుండెపోటు వచ్చినవారిలో మొదటి వారంలో ఆ ఒంటి మొలక తెగే ప్రమాదం ఉంది. స్టెంట్ వేసి, నొప్పి తగ్గి, రేపోమాపో ఇంటికి పంపుతారనగా ఉన్నట్టుండి ఆయాసం వస్తే వెంటనే ఎకో చేయాల్సింది ఇందుకే. అది మందులతో గట్టెక్కేది కాదు, సర్జన్ కావాలి.

రెండోది వాల్వ్‌కు ఇన్ఫెక్షన్, ఎండోకార్డైటిస్. చిగుళ్లలో చీము నుంచో, ఒంటి మీద పుండు నుంచో, డయాలిసిస్ గొట్టం నుంచో బాక్టీరియా రక్తంలోకి చేరి, అప్పటికే గరుకుగా ఉన్న రెక్క మీద గూడు కడుతుంది, రెక్కను తొలిచేస్తుంది. వాల్వ్ జబ్బు ఉన్న మనిషికి వారం దాటినా జ్వరం తగ్గకపోతే, ఇంకో యాంటీబయాటిక్ పడకముందే బ్లడ్ కల్చర్ తీయించాలి, ఒకటి కాదు, వేర్వేరు చోట్ల నుంచి కనీసం మూడు. ఊళ్లో ముందే రెండు ఇంజెక్షన్లు పొడిపించుకుని వస్తే బాక్టీరియా కల్చర్‌లో మొలవదు. ఏ మందు ఆరు వారాలు ఇవ్వాలో చీకట్లో వెతుక్కోవాల్సి వస్తుంది.

తలుపు బాగానే ఉంది, గదే ఉబ్బింది

పాత గుండెపోటు, ఏళ్ల తరబడి అదుపు తప్పిన బి.పి., మద్యం, కండర జబ్బులు, ఏవైనా సరే ఎడమ కింది గదిని ఉబ్బించి బలహీనం చేస్తే మొలకలు దూరం జరుగుతాయి, తంతువులు రెక్కలను కిందికి లాగి పట్టుకుంటాయి, రెక్కలు మధ్యలో కలవవు. ఈ లీక్‌లో విచిత్రం ఏమిటంటే ఇది రోజుకో తీరున ఉంటుంది. ఒంట్లో నీరు నిండి, బి.పి. 180 ఉన్నప్పుడు ఎకో తీస్తే 'సివియర్'. లాసిక్స్‌తో నీరు దిగి, బి.పి. 120కి వచ్చాక తీస్తే 'మైల్డ్' నుంచి 'మోడరేట్'. ఎకో తీసిన రోజు బి.పి. ఎంతో రిపోర్టు మీద రాయించుకుంటే తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఇక్కడ ముందు మందులు. గుండె వైఫల్యానికి వాడే నాలుగు రకాల మందులను తట్టుకోగలిగినంత మోతాదుకు తెచ్చి, కొన్ని నెలలు ఆగి మళ్లీ చూస్తారు. అవసరమైతే రెండు కింది గదులనూ కలిపి నడిపే పేస్‌మేకర్ పెడతారు. అప్పటికీ లీక్ పెద్దదిగానే ఉంటే, తొడ దగ్గరి సిర గుండా వెళ్లి రెండు రెక్కలనూ మధ్యలో కలిపి బిగించే క్లిప్ ఉంది. 2018లో రెండు అధ్యయనాలు వచ్చాయి. ఒకదాంట్లో క్లిప్ వేసినవారు ఆసుపత్రి పాలవడం, చనిపోవడం తగ్గాయి. ఇంకోదాంట్లో తేడా లేదు. మందులు పూర్తి మోతాదులో పడ్డాక కూడా, గది ఉబ్బుకు మించిన లీక్ ఉన్నవారికే క్లిప్ పనిచేస్తుందని దాన్నుంచి ఎక్కువమంది తీసుకున్న పాఠం. ఖరీదైన ఈ క్లిప్‌ను మందులు సరిచేయకముందే ఎవరైనా సూచిస్తే రెండో అభిప్రాయం తీసుకోండి.

గుండె లయ తప్పి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఏళ్ల తరబడి ఉంటే పై గది ఉబ్బి కూడా గుమ్మం సాగుతుంది. కింది గది బాగున్నా లీక్ రావడానికి అదొక కారణం.

అయోర్టిక్ లీక్: బి.పి. మిషన్ చెప్పే కబురు

బి.పి. 160/50. పై అంకె చూసి బి.పి. ఎక్కువైందని మాత్ర రాసి పంపేస్తారు. కింది అంకె అంత తక్కువ ఎందుకుందో కాస్త ఆలోచించాలి. అయోర్టిక్ తలుపు సరిగా మూసుకోకపోతే, బయటికి నెట్టిన రక్తంలో కొంత వెంటనే గుండెలోకి జారిపోతుంది. ధమనిలో ఒత్తిడి ఠక్కున పడిపోతుంది. నాడి ఎగిసిపడి, చేతికింద కూలిపోయినట్టుంటుంది. మెడలో ధమనులు బయటికి ఎగురుతూ కనబడతాయి. ముదిరినవారిలో గుండె కొట్టుకున్నప్పుడల్లా తల ఊగుతుంది. వయసు మీరి ధమనులు గట్టిపడినా రెండు అంకెల మధ్య ఎడం పెరుగుతుంది, కాబట్టి ఇది ఒక్కటే రుజువు కాదు. ఎకో తీయించడానికి మాత్రం చాలిన కారణం.

కారణాలు ఇక్కడా రెండు తెగలు. రెక్కల్లో లోపం: రుమాటిక్, ఇన్ఫెక్షన్, పుట్టుకతో మూడుకు బదులు రెండే రెక్కలుండడం. ఈ రెండు రెక్కల వాల్వ్ నూటికి ఒకరిద్దరిలో ఉంటుంది, కుటుంబాల్లో నడుస్తుంది. ఒకరికి ఉందని తేలితే తోబుట్టువులకూ పిల్లలకూ ఒకసారి ఎకో తీయించడం మంచిది. గుమ్మంలో లోపం: అంటే ధమని మొదలే ఉబ్బడం. దీర్ఘకాలపు బి.పి., మార్ఫాన్ వ్యాధి దీనికి కారణాలు. మనిషి బాగా పొడవు, చేతులు ఇంకా పొడవు, వేళ్లు సన్నగా సాలెపురుగు కాళ్లలా, కంటి కటకం పక్కకు జరిగి ఉంటే మార్ఫాన్ అని అనుమానించాలి. రొమ్ములోనో వీపులోనో చీల్చినట్టు నొప్పి వచ్చి, కొత్తగా అయోర్టిక్ లీక్ కనబడితే ధమని పొరలు చీలాయేమో చూడాలి. అక్కడ ప్రతి గంటా లెక్కే.

ట్రైకస్పిడ్: ఎక్కువమంది ఊరికే భయపడేది

ఆరోగ్యవంతుల్లో కూడా చాలామందికి ట్రైకస్పిడ్‌లో కాస్త లీక్ ఎకోలో కనబడుతుంది. అది సహజం. పైగా డాక్టర్లకు అది అక్కరకొస్తుంది. ఆ చిన్న ధార వేగం కొలిచి ఊపిరితిత్తుల్లో రక్తపు ఒత్తిడి లెక్కకడతారు: వేగాన్ని వర్గం చేసి నాలుగుతో గుణించాలి, దానికి పై గది ఒత్తిడి కలపాలి. సెకనుకు 2.5 మీటర్లయితే 25, దానికి ఓ 5 కలిపితే 30. మామూలే. 3.5 మీటర్లయితే 49 పైన. అప్పుడు సమస్య ట్రైకస్పిడ్‌లో లేదు, ఒత్తిడి ఎందుకు పెరిగిందో వెతకాలి. మైట్రల్ జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, పాత రక్తపు గడ్డ, ఏదైనా కావచ్చు. రిపోర్టులో 'ఆర్.వి.ఎస్.పి.' అని కనబడేది ఈ అంకే. పేస్‌మేకర్ తీగ రెక్కకు అడ్డం పడినా ట్రైకస్పిడ్ లీక్ రావచ్చు. పెద్ద లీక్ అయితే కాళ్ల వాపు, పొట్టలో నీరు, కాలేయం బరువు కనబడతాయి.

పల్మనరీ లీక్ గురించి ఒక్క మాట. చిన్నప్పుడు నీలిపిల్లలకు, అంటే టెట్రాలజీ ఆఫ్ ఫాలోకు, ఆపరేషన్ చేయించుకున్నవారిలో పెద్దయ్యాక ఇది వస్తుంది. 'చిన్నప్పుడే బాగైపోయింది' అని చెకప్‌లు మానకూడదు.

ఈ.ఎఫ్. 67 చేసే మోసం

ఒక లెక్క చూద్దాం. మైట్రల్ లీక్ తీవ్రంగా ఉన్న మనిషి. ఎడమ కింది గది ఉబ్బి 180 మిల్లీలీటర్లు పడుతోంది. ముడుచుకున్నాక 60 మిగులుతోంది. అంటే 120 బయటికి పోయింది. 180లో 120 అంటే ఈ.ఎఫ్. 67 శాతం, చూడడానికి చక్కగా ఉంది. కానీ ఆ 120లో 60 వెనక్కి, పై గదిలోకి పోయింది. ఒంటికి అందింది 60 మాత్రమే. వెనక్కి నెట్టడం గుండెకు సులువు, అక్కడ ఒత్తిడి తక్కువ. అందుకే కండరం అలసిపోతున్నా అంకె బాగానే ఉంటుంది.

ఈ కారణంగానే తీవ్రమైన ప్రైమరీ మైట్రల్ లీక్‌లో ఆపరేషన్ గీత సాధారణ గుండెకు పెట్టే గీత కంటే పైన ఉంటుంది. ఈ.ఎఫ్. 60కి దిగినా, గది ముడుచుకున్నప్పటి కొలత (రిపోర్టులో 'ఎల్.వి.ఐ.డి.ఎస్.') 40 మిల్లీమీటర్లకు చేరినా, ఆయాసం లేకపోయినా సర్జన్ దగ్గరికి వెళ్లాలి. అయోర్టిక్ లీక్‌లో ఈ గీతలు 55 శాతం, 50 మిల్లీమీటర్లు. ఆయాసం వచ్చేసిందంటే అంకెలతో పనిలేదు. పాత రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని ఈ రెండు అంకెలను తేదీల వారీగా ఒక కాగితం మీద రాసుకుంటూ పోండి. ఒక్క రిపోర్టు చెప్పలేనిది ఆ వరుస చెబుతుంది.

తీవ్రత ఎంతని తేల్చేది రంగు ధార పొడవు ఒక్కటే కాదు. మైట్రల్‌లో వెనక్కి పోయే రక్తం ప్రతి కొట్టుకూ 60 మిల్లీలీటర్లు, లేదా మొత్తంలో సగం, లీక్ సందు 0.4 చదరపు సెంటీమీటర్లు దాటితే సివియర్. మైల్డ్ అయితే మూడు నుంచి అయిదేళ్లకొకసారి, మోడరేట్ అయితే ఏడాది రెండేళ్లకు, సివియర్ అయి లక్షణాలు లేకపోతే ఆరు నెలల నుంచి ఏడాదికి ఎకో సరిపోతుంది. మైల్డ్ లీక్‌కు మూడు నెలలకోసారి ఎకో తీయించుకోవడం డబ్బు దండగ.

'నాకు ఆయాసం లేదండీ' అనే మాటను కూడా కొంచెం తరచి చూడాలి. రెండో అంతస్తు మెట్లు ఆగకుండా ఎక్కుతున్నారా, లేక తెలియకుండానే లిఫ్ట్ అలవాటైందా? పోయిన ఏడాది సంతకు నడిచి వెళ్లినవారు ఇప్పుడు ఆటో ఎక్కుతున్నారా? ఒంటి మీదికి రాకుండా మనిషి తన పనులను తగ్గించుకుంటూ పోతాడు. ఇంట్లోవాళ్లను అడిగితేనే తెలుస్తుంది.

రిపేరా, మార్పిడా

చెడిన రెక్కను బాగుచేసే మాత్ర లేదు. లాసిక్స్ నీరు దించుతుంది, బి.పి. మందులు భారం తగ్గిస్తాయి, అంతే. ప్రొలాప్స్‌లో అనుభవం ఉన్న సర్జన్ చేతిలో రిపేర్ మేలు: చెడిన ముక్క తీసి కుట్టి, కొత్త తంతువులు వేసి, గుమ్మానికి రింగు బిగిస్తారు. సొంత వాల్వే ఉంటుంది. రుమాటిక్‌లో రెక్కలు తోలులా మందమైపోతాయి కనుక రిపేర్ అన్నిసార్లూ కుదరదు. మారిస్తే రెండు రకాలు. టిష్యూ వాల్వ్‌ను పశువుల గుండె పై పొరతోనో, పంది వాల్వ్‌తోనో చేస్తారు. మతపరంగా ఇంట్లో అభ్యంతరం ఉంటే ఆపరేషన్‌కు ముందే సర్జన్‌తో మాట్లాడాలి. ఇవి సుమారు 10 నుంచి 15 ఏళ్లు వస్తాయి, చిన్నవయసువారిలో ఇంకా తొందరగా అరుగుతాయి. లోహపు వాల్వ్ అరగదు, కానీ జీవితాంతం రక్తం పలుచబరిచే మందు కావాలి. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వంలో తయారై, 1990లో మొదటిసారి మనిషికి అమర్చిన చిత్ర వాల్వ్ ఇప్పటికి లక్షమందికి పైగా అందింది. విదేశీ వాల్వ్ కొనలేని కుటుంబాలకు అది ప్రాణం పోసింది. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ కింద వాల్వ్ ఆపరేషన్లు ఉన్నాయి. అప్పు చేసే ముందు నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి.

పిల్లలు కనాల్సిన వయసులో ఉన్న ఆడవారికి ఈ ఎంపిక బరువైనది. రక్తం పలుచబరిచే వార్ఫరిన్ మాత్ర గర్భం 6 నుంచి 12 వారాల మధ్య బిడ్డకు హాని చేయగలదు. మందు ఆపేస్తే తల్లి వాల్వ్ మీద గడ్డ కడుతుంది. గర్భం నిలిచాక ఆలోచించే విషయం కాదిది, ముందే కార్డియాలజిస్టునూ ప్రసూతి వైద్యురాలినీ కలిసి మాట్లాడుకోవాలి.

లోహపు వాల్వ్ ఉన్నవారు వాడేది వార్ఫరిన్ లేదా ఎసిట్రామ్. రక్తం పలుచబరిచే కొత్తరకం మాత్రలు ఈ వాల్వ్‌కు పనికిరావు. రక్తం ఎంత పలుచబడిందో చెప్పే పరీక్ష అంకె, ఐ.ఎన్.ఆర్., సాధారణంగా అయోర్టిక్‌కు 2.5, మైట్రల్‌కు 3 దరిదాపుల్లో ఉండాలి. పాలకూర, తోటకూర, మునగాకులో విటమిన్ 'కె' ఉంటుందని ఆకుకూరలే మానేయమంటారు కొందరు. మానక్కర్లేదు, వారంలో తినేది ఒక తీరుగా ఉంటే చాలు, మోతాదు దానికి తగ్గట్టు సర్దుతారు. కార్తీకమాసం, దీక్షలు, రంజాన్ ఉపవాసాల్లో తిండి మారితే అంకె మారుతుంది. అప్పుడు వారం పది రోజులకే ఒకసారి చూపించుకోవాలి. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటివి వేసుకోవద్దు, పారాసిటమాల్ మేలు. ఒకరోజు మాత్ర మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. రుమాటిక్ జబ్బుతో వాల్వ్ మార్చుకున్నవారికి పెనిసిలిన్ అవసరం అక్కడితో తీరదు, మిగతా మూడు వాల్వ్‌లు సొంతవే. ఇంజెక్షనా మాత్రలా అన్నది డాక్టర్ నిర్ణయిస్తారు.

పన్ను పీకించుకునే ముందు, చిగుళ్ల శుభ్రం చేయించుకునే ముందు కృత్రిమ వాల్వ్ ఉన్నవారు, ఇదివరకు ఎండోకార్డైటిస్ వచ్చినవారు అమాక్సిసిలిన్ 2 గ్రాములు అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. ఉత్త మైల్డ్ లీక్ ఉన్నవారికి ఇది అక్కర్లేదు. రోజూ రెండుపూటలా పళ్లు తోముకోవడం మాత్రం అందరికీ కావాలి.

లోహపు వాల్వ్ రాత్రి నిశ్శబ్దంలో టిక్ టిక్ మని వినబడుతుంది. మొదట్లో నిద్ర పట్టదు, ఆ తర్వాత మనిషీ పక్కన పడుకునేవారూ అలవాటు పడిపోతారు. ఆ చప్పుడు ఉన్నట్టుండి మందగించినా, వినబడకపోయినా, దాంతోపాటు ఆయాసం వచ్చినా వాల్వ్ మీద గడ్డ కట్టి ఉండవచ్చు. తెల్లారనిచ్చి చూద్దామని ఆగకుండా, అది ఏ వేళైనా సరే, ఎకో ఉన్న ఆసుపత్రికి అప్పుడే బయలుదేరాలి. చివరి ఐ.ఎన్.ఆర్. కాగితం, వాల్వ్ పేరూ సైజూ రాసి ఇచ్చిన కార్డు వెంట పెట్టుకోండి.